మూడు గీతలూ విభూది పట్టెలూ



ఫోన్ యాపుల స్క్రీన్ ఎలా ఉంటే బాగుంటుంది, ఆ విద్య గురువు లేకుండా ఎలా నేర్చుకోవచ్చు అన్న విషయం మీద మాట్లాడమన్నారు. రేడియోలో! బొమ్మ చూపించకుండా బొమ్మ గురించి చెప్పాలన్నమాట. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఇది నాకు తగిన పరీక్షే అనిపించింది. ఒక స్క్రీన్ కుదిరిందో లేదో తేల్చుకోవడానికి నేను చేసే పని అదే. ఎదుటి మనిషికి దాన్ని నోటితో చెప్పి చూస్తాను. "పైన పేరుంటుంది, మధ్యలో అంకె, కింద పెద్ద బటన్, నొక్కితే డబ్బు వెళ్లిపోతుంది" అని నాలుగు ముక్కల్లో అయిపోతే పరవాలేదు. చెబుతూ చెబుతూ నేనే తడబడ్డానంటే ఆ స్క్రీన్ మళ్లీ గీయాల్సిందే.

మాది పల్నాడు జిల్లా అచ్చంపేట. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చేదాకా గుంటూరు జిల్లా అని రాసుకునేవాళ్లం. ఉత్తరాన కృష్ణ. మాదిపాడు రేవు దాటితే ముక్త్యాల. ఇటు పత్తి, మిరప. డిజైన్ చదువు మాకు మరీ దూరంలో ఏమీ లేదు. 2015లో నాగార్జున యూనివర్సిటీ ఆవరణలోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మొదలుపెట్టారు. కానీ అలాంటి చదువొకటి ఉంటుందని నాకు తెలిసేనాటికి నా డిగ్రీ అయిపోయింది, ఊళ్లో ఒక నెట్ సెంటర్లో కూర్చున్నాను. జిరాక్సులు, కరెంటు బిల్లులు, ఆన్‌లైన్ ఫారాలు.

నా బడి ఆ నెట్ సెంటరే. ఒకరోజు ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన ఫోన్లోనే ఒక ఫారం నింపాలి. అది ఎవరి ఫారమన్నది ఇక్కడ అనవసరం. పేరు కొట్టాడు, ఊరు కొట్టాడు, పుట్టిన తేదీ దగ్గరికొచ్చాడు. సంవత్సరాల పట్టీ ఆ ఏడుతో మొదలై కిందికి దిగుతుంది. ఆయన పుట్టింది 1951లో. వేలితో తోస్తున్నాడు, తోస్తున్నాడు, 1970 దాటాడు, చెయ్యి జారింది, పట్టీ మళ్లీ పైకెళ్లి కూర్చుంది. "నేను పుట్టేసరికి సాయంత్రమయ్యేట్టుంది బాబూ" అన్నాడు. నవ్వాం. మూడోసారి విసుగొచ్చి వెనక్కి నొక్కాడు. అప్పటిదాకా నింపిందంతా పోయింది. ఈసారి నవ్వలేదు. "మాకు చదువు రాదు కదా, మాకివన్నీ ఎట్టా వస్తయ్యి" అంటూ లేచాడు.

ఆ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. ఆయన పుట్టిన ఏడాదిని నాలుగు అంకెల్లో కొట్టనిస్తే అయిపోయే పని అది. డొనాల్డ్ నార్మన్ అనే అమెరికన్ 1988లో రోజువారీ వస్తువుల డిజైన్ మీద ఒక పుస్తకం రాశాడు. తలుపు నెట్టాలో లాగాలో తెలియక మనిషి తికమకపడితే తప్పు తలుపుది, మనిషిది కాదు అంటాడందులో. నేను ఆ పుస్తకం సంగతి తర్వాతెప్పుడో తెలుసుకున్నాను గానీ, ఆ ముక్క మాత్రం ఆ పెద్దాయన మెట్లు దిగుతున్నప్పుడే అర్థమైంది.

సరే, నేర్చుకోవాలి. ఎక్కణ్ణుంచి? వీడియోలు చూశాను. చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది. గట్టు మీద కూర్చుని చూస్తే ఈత కూడా అలాగే ఉంటుంది కదా. చివరికి నాకు పనికొచ్చింది పలక విద్య. మనకి అక్షరాలు ఎలా వచ్చాయి? పంతులుగారు పలక మీద అ రాసి ఇస్తే దాని మీదే దిద్దాం. అరిగిపోయేదాకా దిద్దాం. నేనూ అదే చేశాను. జనం రోజూ కళ్లు మూసుకుని వాడేస్తున్న యాపుల్ని తీసుకుని, స్క్రీన్‌షాట్ కంప్యూటర్లో పెద్దది చేసి, గ్రాఫు పుస్తకంలో పెన్సిలుతో దిద్దాను. అంచు నుంచి పేరుకి ఎన్ని చుక్కలు, పేరుకీ అంకెకీ మధ్య ఎన్ని, బటన్ ఎత్తు ఎంత. ఓ పదిహేను స్క్రీన్లు దిద్దేసరికి ఒక సంగతి చేతికే తెలిసింది. ఖాళీలన్నీ ఎనిమిదో ఎక్కంలో నడుస్తున్నాయి. 8, 16, 24. నేనేదో రహస్యం కనిపెట్టాననుకున్నాను. గూగుల్ వాళ్లు 2014లో మెటీరియల్ డిజైన్ అని బయటపెట్టిన నియమాల్లో అది బహిరంగంగానే రాసి ఉంది. ఎవరైనా చదువుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. యాపిల్ వాళ్లవీ అంతే. ఇంగ్లీషు అడ్డమొచ్చినా, ఇలా గీయి, ఇలా గీయకు అని గూగుల్ వాళ్లు పక్కపక్కన బొమ్మలు పెట్టారు, వాటితోనే సగం పని జరుగుతుంది.

ఆ నియమాల్లో ఒక కొలత ఉంది. వేలితో నొక్కే చోటు ఎంత ఉండాలి? యాపిల్ లెక్కలో 44, గూగుల్ లెక్కలో 48. మన భాషలో చెప్పాలంటే అటూ ఇటూ చిటికెన వేలి గోరంత. అంతకన్నా చిన్నదైతే వేలు పక్కదాని మీద పడుతుంది. పాల్ ఫిట్స్ అనే ఆయన 1954లోనే, ఫోన్లు కాదు గదా ఇంట్లో కంప్యూటర్లు కూడా లేని రోజుల్లో, దీనికి సూత్రం రాశాడు. అందుకోవాల్సింది ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే, చెయ్యి అంత నెమ్మదిస్తుంది. దీనికి సూత్రమెందుకు, సూదిలో దారం ఎక్కించే ఎవరినడిగినా చెబుతారు అనుకున్నాను. కానీ అది మరిచిపోయి నేను చేసిన నిర్వాకం వినండి.

మా మేనత్త మిరపకోతలకి కూలీల్ని తీసుకెళుతుంది. ముఠాకి మేస్త్రి ఆవిడే. పద్దెనిమిదిమంది ఆడవాళ్లు, ఒక ఆటో. ఎవరు రోజంతా వచ్చారు, ఎవరు ఒంటిపూట వచ్చారు, ఎవరు చేబదులు తీసుకున్నారు అన్నదంతా పొడుగాటి పుస్తకంలో రాసుకుంటుంది. ఎడమ పక్కన పేర్లు, కుడి పక్కన రోజులు. రోజంతా వస్తే నిలువు గీత. ఒంటిపూటకి అడ్డగీత. రాకపోతే సున్నా. ఆ పుస్తకం వానకి తడిసి ఒకసారి పెద్ద గొడవయింది. నేను యాప్ చేసిపెడతా అత్తా అన్నాను. నా మొదటి యాప్ కదా, ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్లో పదిరోజులు కూర్చుని గీశాను. అది ఉచితంగానే దొరుకుతుంది, నెట్ సెంటర్ మూసేశాక రాత్రిళ్లు ఆ కంప్యూటర్ నాదే. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. గుండ్రటి ఫోటో చోటు, లేత బూడిదరంగు అక్షరాలు, నీడలు, పై మూలన మూడు గీతల మెనూ. చూడ్డానికి పెళ్లిపత్రికలా ఉంది. మా స్నేహితుడొకడు కోడింగ్ చేసి దాన్ని ఫోన్లోకి ఎక్కించాడు.

ఫిబ్రవరి నెల, కోతలు ముమ్మరం. పొలం గట్టున కానుగచెట్టు కింద అత్త చేతికి ఫోన్ ఇచ్చాను. ముందే ఒట్టు పెట్టుకున్నాను, నోరు తెరవకూడదు, చెయ్యి పెట్టకూడదు అని. ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైంది అదే. ఆవిడ బటన్ పక్కనే వేలు ఆడిస్తుంటే, అదిగో అది నొక్కు అనాలని నాలుక దురద పెడుతుంది.

అత్త ముందు ఫోన్ని అటూ ఇటూ తిప్పింది. ఎండలో నా లేత బూడిదరంగు అక్షరాలు మాయమైపోయాయి. కొంగు కప్పుకుని దానికింద చూసింది. వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది, కాయ ఘాటుకి. గుడ్డ చుట్టిన వేలికి ఫోన్ పలకదు. నేనది ఊహించనే లేదు. ఆవిడ పీలికలు విప్పలేదు, ఖాళీగా ఉన్న బొటనవేలితోనే తోయడం మొదలుపెట్టింది. ఆ బొటనవేలు పై మూలకి అందదు. నా మెనూ అక్కడే ఉంది. రెండో చెయ్యి సాయం పట్టి చివరికి దాన్ని చూసింది.

"ఏందబ్బాయ్ ఇది, విభూది పట్టెలా?"

ప్రపంచమంతా ఆ మూడు గీతల్ని హాంబర్గర్ మెనూ అంటుంది. రొట్టె, మాంసం ముక్క, రొట్టె. మా అత్త హాంబర్గర్ని ఎన్నడూ చూసి ఎరగదు, అమరావతి అమరేశ్వరుణ్ణి మాత్రం ఏటా కార్తీకంలో చూస్తుంది. ఆవిడ చదివింది తప్పెలా అవుతుంది?

తర్వాత పేర్లు. నేను అ ఆ ఇ ఈ వరసలో పెట్టాను, అక్షరక్రమం ధర్మం కదా. అత్త వెతుక్కుంటోంది. "పొద్దున్నే ఆటో ఎక్కే వరసలో పెట్టకుండా ఇట్టా కలిపేశావేందిరా?" అంది. ఆవిడ పుస్తకం తీసి చూస్తే నిజమే. మొదటి పేరు ఆటో మొదట ఆగే వీధిలోది. చివరి పేరు ఊరి చివర ఇంటిది. నేను ఆ పుస్తకాన్ని వందసార్లు చూశాను, ఆ వరస మాత్రం నా కంటికి ఆనలేదు.

ఇక గీతల సంగతి. నా యాపులో ఒక మనిషికి హాజరు వేయాలంటే పేరు నొక్కాలి, రోజు నొక్కాలి, సేవ్ నొక్కాలి. మూడు. పద్దెనిమిదిమందికి యాభై నాలుగు నొక్కుళ్లు. ఆ సేవ్ బటన్ మీద ఫ్లాపీ బొమ్మ ఒకటి, నేను కూడా చేత్తో పట్టుకోని వస్తువు. అత్త పుస్తకంలో పద్దెనిమిది గీతలు, ఆటో వెనక్కి తిప్పుకునేలోపు అయిపోతాయి. ఆమె మూడో మనిషి దగ్గర ఫోన్ నా ఒళ్లో పెట్టింది. "నొక్కితే పడ్డదో లేదో నాకెట్టా తెలిసేది? ఓటు మిషను నయం, నొక్కితే కుయ్యిమంటది. నీది ఉలకదు పలకదు."

ఆ మాటతో నేను ఓటు యంత్రం వెంట పడ్డాను. మీరూ ఒకసారి గుర్తుచేసుకోండి. పేరు, పక్కన గుర్తు, ఆ పక్కనే నీలంరంగు బటన్. నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది, బీప్ మోగుతుంది, వీవీప్యాట్ అద్దం వెనక చీటీ 7 సెకన్లు కనపడి డబ్బాలో పడుతుంది. కంటికీ చెవికీ విడివిడిగా జవాబు. మెనూ లేదు, వెనక్కి పోవడం లేదు. దీని మొదటి నమూనా 1979లో మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారైంది. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో మొదటిసారి వాడి చూశారు. తర్వాత దాని రూపం దిద్దడంలో ఐఐటీ బొంబాయి డిజైన్ అధ్యాపకులు ఏ.జి. రావు, రవి పూవయ్యల చెయ్యి ఉంది. చదువు వచ్చినా రాకపోయినా పనిచేయాలన్న పట్టుదల దానికన్నా పాతది. 1951-52 మొదటి సాధారణ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, పెట్టె మీద గుర్తు వేశారు. చీటీ మీద ఏమీ రాయక్కర్లేదు, పెట్టె తెలిస్తే చాలు. నన్నడిగితే ఈ దేశంలో డిజైన్ నేర్చుకునేవాళ్లకి మొదటి పాఠం ఇక్కణ్ణుంచే చెప్పాలి.

జవాబు చెవికి ఇవ్వడం అన్నది ఇప్పుడు మా ఊరి సెంటర్లో టీ కొట్టు దగ్గర కూడా చూడొచ్చు. డబ్బు పడగానే ఎన్ని రూపాయలు వచ్చాయో ఒక చిన్న డబ్బా తెలుగులో అరిచి చెబుతుంది. టీ పోసేవాడి రెండు చేతులూ పనిలో ఉంటాయి, కళ్లు పాల మీద ఉంటాయి. వాడికి స్క్రీన్ ఎందుకు? స్క్రీన్ లేకపోయినా ఆ డబ్బాది మంచి డిజైనే. రేడియో వినేవాళ్లకి ఇది వేరే చెప్పాలా.

రెండోసారి గీసేటప్పుడు కంప్యూటర్ ముట్టలేదు. అత్త పుస్తకంలో పేజీనే కాగితం మీద ఫోన్ కొలతకి కుదించాను. ఎడమ పక్కన ఆటో వరసలో పేర్లు, కుడి పక్కన బొటనవేలికి అందే చోట ఒక్కో పెద్ద గడి. ఒకసారి నొక్కితే నిలువు గీత, ఇంకోసారి నొక్కితే అడ్డగీత, మూడోసారి సున్నా. నొక్కగానే గడి రంగు మారుతుంది, ఫోన్ చేతిలో గుర్రుమంటుంది. సేవ్ లేదు, గీసిందే సేవ్. అక్షరాలు కటిక నలుపు. తెల్లదనానికీ అక్షరానికీ వెలుగులో కనీసం నాలుగున్నర రెట్ల తేడా ఉండాలని 2008 నాటి అంతర్జాతీయ నియమాల్లో ఉంది. నేను ఆ కనీసం దగ్గర ఆగలేదు, ఎండ ఆగదు కాబట్టి. పొలంలో సిగ్నల్ పోతుంది, అప్పుడు ఎర్ర అక్షరాలతో భయపెట్టకుండా "ఫోన్లో దాచాను, సిగ్నల్ రాగానే పంపుతా" అని కింద చిన్నగా చెప్పేలా పెట్టాను.

ఇక్కడ కొంచెం తెలివి ఎక్కువై ఇంకో పని చేశాను. నిన్న వచ్చినవాళ్లే దాదాపు ఇవాళా వస్తారు కదా, అందరికీ ముందే నిలువు గీత పెట్టేసి, రానివాళ్లని మాత్రం నొక్కమంటే పద్దెనిమిది నొక్కుళ్లు రెండుకో మూడుకో దిగుతాయి. నేను చదివినవన్నీ అదే చెప్పాయి, మనిషి చేత తక్కువ పని చేయించు అని. అత్త కాగితం చూసి వెంటనే తోసేసింది. "నేను చూడకముందే వచ్చినట్టు రాసేస్తే ఎట్టారా? రేపు రైతు అడిగితే కళ్లతో చూసి గీశానని చెప్పాలిగా నేను." ఆవిడకి ఆ పద్దెనిమిది గీతలు బరువు కాదు, సాక్ష్యం. ఒక్కో గీత గీసేటప్పుడు ఒక్కో మొహం చూస్తుంది. గడులు ఖాళీగానే పెట్టాను. నొక్కుళ్లు తగ్గించమని చెప్పినవాళ్లు తప్పు చెప్పలేదు, వాళ్లెవరికీ సాయంత్రం కూలి పంచాల్సిన పని లేదంతే.

తెలుగు అక్షరం గురించి ఒక మాట చెప్పకపోతే ఈ ప్రసంగం కుదరదు. చాలా యాపుల్ని ఇంగ్లీషులో గీసి, చివర్లో ఆ పెట్టెల్లోనే తెలుగు కుక్కుతారు. ఇంగ్లీషు అక్షరం ఒద్దికగా ఒక గీత మీద కూర్చుంటుంది. మనదానికి పైన గుడులూ తలకట్లూ, కింద వత్తులూ. పెట్టె ఎత్తు చాలకపోతే ముందు తెగేది వత్తు. నా మొదటి యాపులో "పని పూర్తి" అన్న బటన్ కొన్ని ఫోన్లలో "పని పూరి" అయింది. త వత్తు కిందకి పోయి తెగింది. ముఠా అంతా ఆ వారం పని అయిపోగానే పూరీ పెట్టమని నన్ను ఏడిపించారు. అదే లెక్కన "మొత్తం" మొతం అవుతుంది, "ఖర్చు" ఖరు అవుతుంది. వరసకీ వరసకీ మధ్య తెలుగుకి ఎక్కువ ఖాళీ ఇవ్వాలి, ఇది ఏ ఇంగ్లీషు పుస్తకమూ గట్టిగా చెప్పదు. ఫాంట్లకి కరువేమీ లేదు. సిలికానాంధ్ర వాళ్ల చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, నోటో సాన్స్ తెలుగు ఉంది. మన సంయుక్తాక్షరాల బలం తెలియాలంటే 2018 ఫిబ్రవరి గుర్తుచేసుకోండి. "జ్ఞా" అన్న ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాపులు కుప్పకూలాయి, యాపిల్ వాళ్లు ఆ నెలలోనే మరమ్మతు చేసి 11.2.6 అని కొత్త వెర్షన్ వదలాల్సి వచ్చింది. జ్ఞానం మొదటి అక్షరమే అంత పని చేసింది.

మాటల ఎంపిక కూడా డిజైనే. "సమర్పించండి" అని బటన్ మీద రాస్తారు. మా ఊళ్లో సమర్పించేది గుళ్లో కొబ్బరికాయని. ఫారాన్ని పంపుతాం. "రద్దు చేయి" అంటే అత్త భయపడింది, ఏదో రేషన్ కార్డు పోతుందేమోనని. "వద్దు" అని మార్చాను.

2025 జనవరి 30న మన రాష్ట్రంలో మన మిత్ర అని వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు పెట్టారు, 161 సేవలతో మొదలైంది. అందులో డిజైన్ నేర్చుకునేవాడు గమనించాల్సింది ఒకటుంది. కొత్త యాప్ దించుకోమనలేదు. జనం వేళ్లకి ముందే అలవాటైన స్క్రీన్ దగ్గరికే వెళ్లారు. నా యాపులో నేనూ అదే పాటిస్తాను, వింతగా ఏమీ పెట్టను. వింత చేయాలన్న దురద నాకు ఇంకా పోలేదు, అది వేరే సంగతి.

ఎంతమందికి చూపించాలి అని అడుగుతుంటారు. జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో రాసినదాని ప్రకారం ఐదుగురు చాలు, వాళ్లతోనే లోపాల్లో సుమారు 85 శాతం బయటపడతాయి. నా ఐదుగురిలో అత్త కాక ఒక ఆటో డ్రైవరు, పురుగుమందుల కొట్టు గుమస్తా, తొమ్మిదో తరగతి పిల్ల, తండా నుంచి కోతకొచ్చే ఒకామె. ఆమె తెలుగు మాట్లాడుతుంది, చదవదు. గీతలు మాత్రం చదువుతుంది. తన గడిలో ఒక అడ్డగీత చూసి, ఆరోజు నేను సాయంత్రం దాకా ఉన్నానని అత్తతో వాదించి గెలిచింది.

ఇప్పుడు ఒక్క చోట ఆగిపోయాను. శనివారం సాయంత్రం లెక్క చూసేటప్పుడు ముఠా అంతా అత్త చుట్టూ మూగుతారు. ఎవరికెంత వస్తుందో అందరికీ కనపడాలి, ఎవరు ఎంత చేబదులు తీసుకున్నారో మాత్రం పక్కవాళ్లకి కనపడకూడదు. పుస్తకమైతే అత్త ఆ వరస మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ఒక్కొక్కరికీ వేళ్ల సందులోంచి చూపించేది. ఫోన్లో ఆ అరచెయ్యి ఎలా పెట్టాలో నాకింకా తోచలేదు. నాలుగు కాగితాల మీద నాలుగు రకాలుగా గీశాను. రేపు కోత దగ్గరికి పట్టుకెళుతున్నాను, అత్త ఏమంటుందో చూడాలి.